అడగరాని ఆరు రోజులు

గంగరత్నకు అడగడం పుట్టుకతో వచ్చిన గుణం. మాటలు వచ్చిన నాటి నుంచీ ఆమె నోట్లోంచి ఊడిపడే ప్రతి రెండో మాటా ప్రశ్నే. అలాంటి పిల్లను తీసుకొచ్చి, ప్రశ్నంటేనే గిట్టని ఇంట్లో పడేశాడు దేవుడు. ఆయనకు ఇలాంటి పరాచికాలు మామూలే.

ఆ ఇల్లు మడకశిర దగ్గర తుమ్మలకుంటపల్లిలో ఉంది. ఇంటికంటే పక్కనున్న పట్టుపురుగుల షెడ్డే పెద్దది. మల్బరీ ఆకు తిని తిని ఒళ్లు పండిన పురుగుల్ని చంద్రికలనే వెదురు చట్రాల మీదికి ఎక్కించాక, అవి గూడు కట్టడం ముగించడానికి ఆరు రోజులు పడుతుంది. ఆ ఆరు రోజులూ ఆ షెడ్డులో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరాదు. ఎన్ని గూళ్లు కట్టాయని అడగకూడదు సరే, అన్నం తిన్నావా అని కూడా అడగకూడదు. "అన్నం ఉండాది" అని చెప్పి ఊరుకోవాలి, ఆకలైనవాడు వచ్చి తింటాడు. ఎక్కడికి పోతున్నావు అనకూడదు, "పోయి రా" అనాలి. ఊళ్లో ఇంకెవరికీ లేని ఆచారమది, ఆ ఒక్క ఇంటిదే. ఎందుకలా అని తెలుసుకుందామంటే దానికీ ప్రశ్నే అడగాలి కదా, అందుకని ఎవరూ తెలుసుకోలేదు.

ఏడేళ్లప్పుడు గంగరత్న అడిగింది. చంద్రిక కింద గొంతుక్కూర్చుని, గూడు గోడలోంచి లీలగా కదులుతున్న నీడను చూస్తూ, "నాయనా, లోపల అదేం చేస్తాంది?" అని గట్టిగా అడిగేసింది. ఆ పంటలో సగం గూళ్లు పలచగా, చేత్తో నొక్కితే చితికిపోయేట్టు వచ్చాయి. ఆ ఏడు ఎండలు అలాంటివి. కానీ ఎండను తిట్టి ఏం లాభం? తిట్లన్నీ పిల్లకే పడ్డాయి. ఆకుల గంపల వెనక దాక్కుని ఏడుస్తుంటే, ఆమెకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్న తిప్పేస్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏడవద్దు పాపా. పెద్దయినాక నువ్వే కనుక్కుందువు. అప్పుడు నాయనకే పాఠం చెప్పుదువులే."

అతను ఆమెను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. పాపా అనే పిలిచేవాడు. తొమ్మిదేళ్ల పాపను అతని చేతిలో పెట్టి నాయన పోయాక, పదిహేడేళ్లవాడు పుస్తకాలు మూసేసి మల్బరీ తోటలోకి దిగాడు. ఆమె పుస్తకాలు మాత్రం మూయనివ్వలేదు.

అలా పాప పెద్దదై, నలభై ఒకటో ఏట, హిందూపురం శివార్లలోని ఒక ప్రయోగశాలలో నిజంగానే కనుక్కుంది.

ఆ రోజు బల్ల మీద రెండు గాజు గొట్టాలున్నాయి. రెండింటిలోనూ పట్టుపురుగు గ్రంథి నుంచి తీసిన చుక్క ద్రవం. పట్టు అంటే ప్రోటీన్. పొడవాటి గొలుసు తనమీద తానే ముడుచుకుని ఒకే ఒక్క సరైన మడతలోకి రావాలి. అది ఎన్ని రకాలుగా మడత పడగలదో లెక్క వేసి, ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోతే సూర్యుడు ఆరిపోయినా పని తెమలదు. కానీ అది రెప్పపాటులో సరైన మడతలోకి వచ్చేస్తుంది. ఎలా వస్తుందో చూద్దామనే గంగరత్న ఒక గొట్టాన్ని చీకట్లో వదిలేసి, రెండో గొట్టం మీద సన్నటి లేజరు పెట్టి క్షణానికి కోటిసార్లు చూసింది.

చీకటి గొట్టంలో గొలుసులన్నీ చక్కగా మడతపడ్డాయి. చూసిన గొట్టంలో మధ్యలోనే ఆగిపోయాయి.

"ఇంకొంచెం దగ్గరగా చూద్దామా?" అంది గంగరత్న.

"చూసేకొద్దీ ఆగిపోతాంది మేడం," అన్నాడు ఖాదర్ బాషా. కదిరి మనిషి. భౌతికశాస్త్రం చదివి, దారి తప్పి జీవశాస్త్రం వీధిలోకి వచ్చానని చెప్పుకుంటాడు. "నడి బజార్లో నిలబెట్టి చొక్కా మార్చుకోమంటే నేనైనా మార్చుకోను. దాని మానాన దాన్ని వదిలేస్తే అన్ని దారుల్లోనూ ఒకేసారి పోయి వెతుక్కుంటుంది. నువ్వెక్కడున్నావు అని మనం అడిగినామనుకో, పాపం, ఏదో ఒక చోట ఉండానని చెప్పల్ల కదా. చెప్పినాక ఇంగ ఆడనే ఉండిపోతుంది."

గంగరత్న ముందు నవ్వింది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ముప్పై నాలుగేళ్ల నాటి తిట్లు గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది. నాయన ఉంటే ఆ వేళ ఎంత విర్రవీగేవాడో!

తర్వాతి రెండేళ్లు వాళ్లిద్దరూ ఒక వెలుతురు కోసం పనిచేశారు. కంటికి కనిపించనంత మందమైన వెలుతురు, ఒక లయలో వెలిగి ఆరేది. ఒంట్లో ఉన్న ప్రోటీన్‌ను చుట్టూ ఉన్న నీరు, వేడి ఊరికే తాకుతూ, ఎక్కడున్నావు ఎక్కడున్నావని సతాయిస్తూనే ఉంటాయి. ఈ వెలుతురు ఆ సతాయింపును కాసేపు దూరంగా ఉంచుతుంది. అప్పుడు తప్పుగా మడతపడినది కూడా వదులై, మళ్లీ దారులన్నీ తిరిగి, సరైన మడత వెతుక్కుంటుంది. ఖాదర్ దానికి జోల అని పేరు పెట్టాడు. అతనికి అప్పుడు ఇంట్లో మూడు నెలల బిడ్డ.

జోల ఎవరి కోసమో గంగరత్న ఎవరికీ చెప్పలేదు. వదిన మారెక్క ఫోను చేసిన రోజున చెప్పాల్సి వచ్చింది.

"రత్నమ్మా, మీ అన్నకి నిద్ర పట్టి పదకొండు దినాలయింది."

ఆ వంశంలో ఆ జబ్బును మూయని కన్ను అంటారు. తాతకు వచ్చింది, నాయనకు వచ్చింది. యాభై దగ్గర పడుతుండగా ఒక రోజు కంటి నుంచి నిద్ర వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. మెదడులో ఒక ప్రోటీన్ తప్పుగా మడతపడి, పక్కదాన్ని తాకి దాన్నీ అలాగే మారుస్తుంది. అలా పాకుతూ పాకుతూ ముందు నిద్రను తినేసి, ఆ తర్వాత మనిషిని తినేస్తుంది. ఏడాది గడవదు.

ఆమె ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. తిప్పేస్వామి షెడ్డు ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఇక్కడ లేవు. చేతులు మాత్రం పని చేస్తున్నాయి. గాలిలోంచి ఆకు తుంచడం, లేని తట్టలో పరచడం, మళ్లీ తుంచడం. ఆమె పక్కన కూర్చుంటే తల తిప్పకుండానే అన్నాడు.

"వానొస్తాంది పాపా. విను."

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా గంగరత్నకు ఆ వాన తెలుసు. నాయన మూయని కళ్లతో లోపల గదిలో ఉన్న రోజుల్లో, ఆ తొమ్మిదేళ్ల పిల్ల కూడా కళ్లు మూయడం మానేసింది. తనకీ నిద్ర పోయిందేమోనని భయం. ఒక మధ్యాహ్నం అన్న ఆమెను షెడ్డులోకి ఎత్తుకెళ్లి, తట్టల మధ్య గోనెసంచి పరిచి పడుకోబెట్టాడు. నాలుగు జ్వరాలు దాటిన, అంటే నాలుగుసార్లు కుబుసం విడిచిన పురుగులు, వేలకు వేలు, ఒక్కసారిగా ఆకు నములుతున్నాయి. ఆ చప్పుడు అచ్చం వాన కురుస్తున్నట్టే ఉంటుంది. "వానొస్తాంది, పండుకో," అని పక్కన కూర్చుని టవలుతో విసిరాడు. ఆమె సాయంత్రం దాకా నిద్రపోయింది. తన చిన్నతనం మొత్తంలో ఒక్కటే దాచుకోమంటే ఆమె ఆ మధ్యాహ్నాన్నే దాచుకుంటుంది.

జోలను ముందు ఎలుకల మీద చూశారు. మూయని కన్ను ఉన్న ఎలుకలు మూడు గంటలు జోల కింద ఉండి, తర్వాత హాయిగా ముడుచుకుని నిద్రపోయాయి. ప్రయోగశాలలో అందరూ మిఠాయి పంచుకున్నారు. గంగరత్న నోట్లో ఆ మిఠాయి కరగకముందే ఖాదర్ పిలిచాడు.

"రోజూ తిరిగే దారిని మరిచిపోయినాయి మేడం. పుట్టినప్పటి నుంచీ తిరుగుతాండే దారి."

జ్ఞాపకం కూడా మడతే. ఏళ్ల తరబడి నిలిచిపోయే జ్ఞాపకాన్ని మెదడులో అలాంటి ప్రోటీనే గట్టిగా పట్టుకుని ఉంటుంది. జోలకు మంచి మడత, చెడ్డ మడత అని తేడా తెలియదు. అన్నిటినీ వదులు చేస్తుంది. వాటి మానాన వదిలేసిన ఎలుకల్లో అవన్నీ మెల్లగా మునుపటిలాగే ముడుచుకుని, మరిచిన దారులు తిరిగొచ్చాయి. ఆలోపే పట్టుకెళ్లి దారి ముందు నిలబెట్టిన ఎలుకలు తెల్లబోయి నిలుచున్నాయి. ఆ తర్వాత ఎంత నేర్పినా ఆ ఒక్క దారి వాటికి రాలేదు. మిగతావన్నీ వచ్చాయి, అడిగిన ఆ ఒక్కటి తప్ప. తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఖాదర్ పలక మీద రాశాడు. ఆరు రోజులు.

గంగరత్న ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. "మా ఇంట్లో ఎవరికో ఇది ముందే తెలుసేమో ఖాదర్."

"ఎవరికీ తెలీదు మేడం. పురుక్కి ఆరు దినాలు, ఎలుక్కి ఆరు దినాలు. అది అట్ల కుదిరింది, అంతే," అన్నాడు ఖాదర్. అన్నాడే గానీ, ఆ రోజంతా అంకె వైపే చూస్తూ ఉన్నాడు.

అనుమతులు వచ్చాయి. ఇంకే దారీ లేని రోగి అని పెద్దలు రాసి సంతకాలు పెట్టారు. తిప్పేస్వామికి తెలివిగా ఉండే ఘడియలు రోజుకు ఒకటో రెండో మిగిలాయి. అలాంటి ఒక ఘడియలో గంగరత్న అంతా విడమరిచి చెప్పింది.

"కొన్నాళ్లు అంతా మరిచిపోతావన్నా."

"నిన్ను గూడానా?"

"నన్ను గూడా. ఆరు దినాలు నిన్నెవరూ ఏమీ అడగకుంటే, అంతా దానంతట అదే తిరిగొస్తాది."

తిప్పేస్వామి చాలా రోజుల తర్వాత నవ్వాడు. చిక్కిపోయిన ముఖంలో పళ్లు మాత్రమే పాతవి. "ఆరు దినాలు అడగకుండా ఉంటావా పాపా నువ్వు?"

"ఉంటా."

"ఒట్టు?"

"ఒట్టన్నా," అని అతని చేతిలో చెయ్యి వేసింది.

ఆసుపత్రి వద్దన్నది మారెక్కే. ఆసుపత్రిలో తెల్లారితే నర్సు వచ్చి పేరేంటి అంటుంది, డాక్టరు వచ్చి ఈ రోజు ఏ వారం అంటాడు. వాళ్ల చదువే అలాంటిది. "షెడ్డులో పెట్టండి. పురుగులు గూడు కట్టే దినాలు చూసి పెట్టండి. ఆడ ఎవరూ ఏమీ అడగరు," అంది మారెక్క. పెద్ద చదువులు చదివిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతకంటే మంచి చోటు నిజంగానే లేదు.

షెడ్డులో సగం చంద్రికలు, సగం నల్లగుడ్డల గది. పండిన పురుగుల్ని చంద్రికలకు ఎక్కించిన ఉదయమే తిప్పేస్వామిని ఆ గదిలో పడుకోబెట్టారు. ఖాదర్ మీట నొక్కి, బయటికొచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. లోపల ఏమీ కనిపించదు, ఏమీ వినిపించదు. మూడు గంటలు గడిచాయి. మారెక్క గుడ్డ తొలగించి తొంగి చూసి, వేలు నోటి మీద పెట్టుకుని, ఆడపడుచును రమ్మని సైగ చేసింది.

తిప్పేస్వామి కళ్లు మూసుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి, సన్నగా గురక పెడుతున్నాడు. ఆ గురక విని వాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని శబ్దం రాకుండా ఏడ్చారు.

మొదటి రోజంతా నిద్రపోయాడు. రెండో రోజు లేచి కూర్చుని తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. మారెక్క చెంబు పక్కన పెట్టి, "నీళ్లు ఉండాయి," అంది. తాగాడు. ఆమె ముఖం వైపు చూసి చిన్నగా తల వంచాడు, కొత్తవాళ్లకు వంచినట్టు. మారెక్క తొణకలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ షెడ్డులో అడగకుండా మాట్లాడడం ఆమెకు అలవాటే. "సంగటి ఉండాది. ఎండ ఎక్కువగుంది. ఈడ నీడ ఉండాది," అని గోడతో చెబుతున్నట్టు చెబుతూ తన పని తాను చేసుకుపోయింది. ఖాదర్ యంత్రాలన్నీ ఆపేశాడు. కొలవడం కూడా అడగడమే కదా.

ఆ రోజుల్లో షెడ్డులో వెలుతురే వేరుగా ఉండేది. గోనెపట్టాల తెరల్లోంచి పసుపుగా జారి, చంద్రికల మీద పడేది. గూళ్లలో పురుగుల నీడలు తల అటూ ఇటూ ఆడిస్తూ, తమ చుట్టూ తామే గోడ కట్టుకుంటూ ఉండేవి. గోడ మందమయ్యేకొద్దీ నీడ పలచబడేది. మధ్యలో తిప్పేస్వామి నిద్రపోయేవాడు, లేచేవాడు, నిద్రపోయేవాడు. అతనిలోపల కూడా ఏదో అలాగే మెల్లగా అల్లుకుంటూ ఉండి ఉంటుందని గంగరత్న అనుకునేది. కాగితం మీద ఏమీ రాయాలనిపించేది కాదు.

మూడో రోజు ఉదయం అతను కళ్లు నులుముకుంటూ, ఎవరూ అడక్కుండానే, "మారెక్కా, తోటకి నీళ్లు కట్టల్ల," అన్నాడు. మారెక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని షెడ్డు వెనక్కి పరిగెత్తింది. నాలుగో రోజు ఆవును పేరు పెట్టి పిలిచాడు. ఖాదర్‌ను చూసి, "మీది కదిరి గదా," అన్నాడు. నాయన పోయిన ఏడు చెప్పాడు, మల్బరీ మొదటి సాలు నాటిన చోటు చెప్పాడు.

గంగరత్న తన వంతు కోసం కాచుకుని కూర్చుంది.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆవు మీద కూడా ఆమెకు కుళ్లు పుట్టింది. అన్న ఆమె వైపు చూడకపోలేదు. చూసేవాడు, కనుబొమలు ముడిచేవాడు, పెదవి చివర నవ్వులాంటిది వచ్చి ఆగేది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు లేచి తోటలోకి పోయేవాడు. ఆమె పోయి ఖాళీ తట్టలు కడుగుతూ కూర్చునేది.

ఐదో రోజు పొద్దున ఆమే సంగటి పళ్లెం తీసుకెళ్లింది. అతను చంద్రిక దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. పళ్లెం అందుకుంటూ ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. కనుబొమల ముడి విడింది. నవ్వు పెదవి దాటి కళ్లదాకా వచ్చింది.

"నువ్వు..." అన్నాడు. "నువ్వు గదా..."

పెదవులు మాట కోసం వెతుక్కుంటున్నాయి. అంచు దాకా వచ్చేశాడు. ఇంకొక్క అడుగు. ఎవరైనా మాట దొరక్క తడుముకుంటుంటే మనం అందిస్తాం చూడండి, అలాగే, చెయ్యి అందించినట్టే, నలభై మూడేళ్ల అలవాటు గంగరత్న నోట్లోంచి దూకేసింది.

"నేనెవర్నన్నా? చెప్పు, నేనెవరు?"

తిప్పేస్వామి ముఖం ఆగిపోయింది. నవ్వు ఎక్కడిదక్కడే ఉంది గానీ, దాని వెనక ఉన్నది వెళ్లిపోయింది. చాలా మర్యాదగా, చాలా దయగా, అతను తల అడ్డంగా ఊపాడు.

"తెలీదు తల్లీ. డాక్టరమ్మ అనుకుంటాండా."

మారెక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఏం పని చేస్తివి అని అడగడానికి కూడా ఆ షెడ్డులో వీల్లేదు. ఆమె వచ్చి, గంగరత్న రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లి, మల్బరీ సాళ్ల మధ్య కూర్చోబెట్టింది. అక్కడ ఎంత గట్టిగా ఏడ్చినా పురుగులకు వినిపించదు.

ఆరో రోజు చంద్రికల నుంచి గూళ్లు తీశారు. అంత గట్టి పంట ఆ షెడ్డులో ఈమధ్య రాలేదు. తిప్పేస్వామికి అంతా తిరిగొచ్చింది. పెళ్లినాటి సంగతులు, పోయిన కరువు, తాత చేతికర్ర, అన్నీ. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా కదలడు. ఆ సాయంత్రం అతను అడిగిన మొదటి ప్రశ్న ఇదీ.

"మా పాప యాడుండాది? దానికి కబురు పెట్టినారా?"

"ఈమే గదా పాప," అంది మారెక్క, గంగరత్నను ముందుకు తోసి.

అతను చూశాడు. నొప్పించకూడదన్నట్టు, "అట్లనా, మంచిది," అన్నాడు. తెల్లారాక ఎదురొస్తే, "బాగుండారా డాక్టరమ్మా," అన్నాడు. మళ్లీ చెప్పారు, ఫోటోలు చూపించారు. రెండు జడల పిల్లను గుర్తుపట్టి ఫోటోను తుడిచి ముద్దు పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న మనిషికీ ఆ పిల్లకీ మధ్య దారి మాత్రం అతనికి దొరకలేదు. చెప్పిన ప్రతిసారీ అదే మర్యాద, తెల్లారితే అదే డాక్టరమ్మ.

"ఇంకోసారి జోల..." అంటూ ఆగిపోయింది గంగరత్న. ఖాదర్ యంత్రాన్ని పెట్టెలో సర్దుతున్నాడు. రెండోసారి జోలను తట్టుకున్న ఎలుక ఒక్కటీ లేదని ఇద్దరికీ తెలుసు.

"మనిషి మిగిలినాడు రత్నమ్మా," అంది మారెక్క, అన్నం కలిపి పెడుతూ. "నీవల్లనే మిగిలినాడు. ఇంత అన్నం తినల్ల ముందు."

ఖాదర్ హిందూపురం వెళ్లిపోయాడు. గంగరత్న సెలవు పెట్టి ఉండిపోయింది. రోగిని చూసుకోవడానికి డాక్టరమ్మ ఉండడంలో వింతేముంది? తిప్పేస్వామికి ఆమెతో కాలక్షేపం బాగా కుదిరింది. గట్టు మీద కూర్చుని తన చెల్లెలి గురించే చెప్పేవాడు. "చానా అడుగుతాది డాక్టరమ్మా అది. ఆకు పచ్చగా ఎందుకుండాది, పట్టు తెల్లగా ఎందుకుండాది. నాకేం తెలుసు? ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఇప్పుడు పెద్ద చదువు చదివింది. పని జాస్తి. వస్తాదిలే."

"వస్తుంది," అనేది గంగరత్న. ఆ రెండు జడల పిల్ల మీద ఆమెకు అసూయగా ఉండేది. అంత ప్రేమా దానికే పోతోంది, తన కళ్ల ముందే.

కొత్త పంట పురుగులు మూడో జ్వరం దాటాయి, నాలుగోదీ దాటాయి. ఆలోపు గంగరత్నకు నిద్ర పట్టడం మానేసింది.

మొదటి రెండు రోజులు దిగులు అనుకుంది. నాలుగో రోజు లెక్కపెట్టడం మొదలుపెట్టి, తొమ్మిదో రోజు మానేసింది. దిగులు వల్లా నిద్ర పట్టదు. వంశపు జబ్బు వల్లా పట్టదు. చుక్క నెత్తురు పంపిస్తే ఏ సంగతీ వారంలో తేలిపోతుంది. పంపలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె అడగకుండా వదిలేసిన మొదటి ప్రశ్న అది.

ఒక మధ్యాహ్నం ఆమె గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంటే తిప్పేస్వామి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కాసేపు ముఖంలోకి చూశాడు.

"మీకి నిద్ర ల్యాదు డాక్టరమ్మా. ఆ కండ్లు నాకి తెలుసు. రాండి."

ఆమె లేచి వెనకే నడిచింది. షెడ్డు తలుపు తీయగానే చల్లటి గాలి, పచ్చి ఆకు వాసన. తట్టల నిండా బొటనవేలంత పురుగులు ఇప్పుడే వేసిన ఆకు మీద పడి నములుతున్నాయి. అతను మూల నుంచి గోనెసంచి తెచ్చి, దులిపి, తట్టల మధ్య పరిచాడు.

"మా చెల్లెలు ఒకసారి ఇట్లనే కండ్లు మూయనంటే మూయనని మొండికేసింది. నేనే పండుకోబెడితి. పండుకోండి తల్లీ, ఏమీ కాదు."

గంగరత్న పడుకుంది. అతను పక్కన చతికిలబడి, భుజం మీది టవలు తీసి విసరడం మొదలుపెట్టాడు. చుట్టూ వేల నోళ్లు ఆకు మీద సన్నగా, ఎడతెగకుండా చినుకులు రాలుస్తున్నాయి. ఆమెకు తొమ్మిదేళ్లున్నాయి, నలభై మూడున్నాయి, లోపలి గదిలో నాయన ఉన్నాడు, ఎవరూ లేరు. ప్రశ్న గుండెలోంచి లేచి గొంతుదాకా వచ్చింది. నేనెవరు? నాకిది దిగులేనా? పెదవుల దగ్గరికి వచ్చిందాన్ని ఆమె బలవంతాన మింగేసింది. అంత కష్టమైన పని ఆమె జీవితంలో ఎప్పుడూ చేయలేదు.

"వానొస్తాంది," అంది, కళ్లు తెరిచే.

విసురుతున్న టవలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"అవు," అన్నాడు అన్న. "పండుకో పాపా."

ఆ ఊళ్లో ఏ ఆడపిల్లనైనా పాపా అనే పిలుస్తారు. తెలిసి అన్నాడో, చెల్లెలి మాట చెబుతూ అలవాటున అన్నాడో, గంగరత్న అడగలేదు. టవలు గాలి ముఖానికి తగులుతుంటే మెల్లగా కళ్లు మూసుకుంది.